టోపీ నుంచి యాంప్లిఫయర్ దాకా: ఎనిమిది తీగల డైరీ

మొదటి రోజు

బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి పాత ఈఈజీ టోపీ, అంటే తల మీంచి మెదడు విద్యుత్ సంకేతాలను పట్టుకునేది. సాగే గుడ్డకు 19 తగరపు ఎలక్ట్రోడులు బిగించి ఉన్నాయి. వాటి తీగలన్నీ మెడ వెనక ఒక పట్టీలా కలిసి, 25 పిన్నుల డీ కనెక్టర్‌లో ముగుస్తాయి. రెండోది యాంప్లిఫయర్ బోర్డు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏడీఎస్1299 చిప్, ఎనిమిది ఛానెళ్లు (ఒక్కో ఎలక్ట్రోడుకు ఒకటి), నాలుగు ఏఏ బ్యాటరీలు. డేటాను రేడియో ద్వారా కంప్యూటర్‌కు పంపుతుంది. దాని అంచున సన్నటి హెడర్ పిన్నులు తప్ప మరేమీ లేవు. టోపీ ప్లగ్గు అందులో దూరదు. మధ్యలో అడాప్టర్ పెట్టె నేనే చేసుకోవాలి.

ముందుగా తేల్చుకోవలసింది ఇది పాసివ్ టోపీయా, యాక్టివ్ టోపీయా అన్నది. యాక్టివ్ అయితే ప్రతి ఎలక్ట్రోడు మీదా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది, దానికి కరెంటు అందించాలి. అలాంటి టోపీని దాని సొంత పెట్టెకు కాకుండా వేరే బోర్డుకు ఊరికే తీగలు కలిపి నడపలేం. ఇది పాసివే. ఒక్కో చోట ఒక లోహపు బిళ్ల, దానికి ఒక తీగ, ఆ తీగ చివర ఒక పిన్ను.

వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఆ తీగలో వచ్చేది 10 నుంచి 100 మైక్రోవోల్టుల సంకేతం. 50 మైక్రోవోల్టులంటే ఒక ఏఏ బ్యాటరీ ఇచ్చే 1.5 వోల్టుల్లో ముప్ఫై వేలవ వంతు. గోడలోని కరెంటు తీగ, దవడ కండరం, కనురెప్ప, ఊగుతున్న కేబుల్, వీటిలో ఏదైనా సరే ఆ సంకేతాన్ని ముంచెత్తగలదు. అందుకే ఈ అడాప్టర్ పనికి ఒక్క పూట కాకుండా వారం రోజులు కేటాయించుకున్నాను.

టోపీతో వచ్చిన కాగితం మడతల దగ్గర చిరిగింది కానీ పిన్నుల పట్టిక చదవడానికి వస్తోంది. 19 లోంచి ఎనిమిది ఎంచుకున్నాను: నుదుటి మీద ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2, మాడుకు రెండు పక్కలా సీ3, సీ4, చెవుల వెనక టీ5, టీ6, తల వెనక ఓ1, ఓ2. బేసి సంఖ్యలు ఎడమ, సరి సంఖ్యలు కుడి. బోర్డు సాఫ్ట్‌వేర్‌లో మాత్రం టీ5, టీ6 అనే పేర్లే కనిపించలేదు, పీ7, పీ8 ఉన్నాయి. కంగారు పడాల్సిన పని లేదు. హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించిన 10-20 పద్ధతిలో (తల మీద ఎలక్ట్రోడుల చోట్లను కొలిచి పేర్లు పెట్టే పద్ధతి) ఉన్న పేర్లు టోపీ మీద ఉన్నాయి. తర్వాత మరిన్ని ఎలక్ట్రోడుల కోసం పద్ధతిని విస్తరించినప్పుడు టీ5ను పీ7 అనీ, టీ6ను పీ8 అనీ మార్చారు. పేరే మారింది, చోటు మారలేదు. పట్టికలో రెండు పేర్లూ పక్కపక్కనే రాసుకున్నాను.

నాకు కావలసిన ఎనిమిదీ కనెక్టర్ పై వరుసలోనే ఉన్నాయి. ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2 వరుసగా 1, 2 పిన్నులు. టీ5 నాలుగు, సీ3 ఆరు, సీ4 ఎనిమిది, టీ6 పది. ఓ1, ఓ2 వరుసగా 12, 13.

రెండో రోజు

సామాన్లు సిద్ధం చేసుకున్నాను. 25 పిన్నుల ఫిమేల్ కనెక్టర్ (టోపీ పిన్నులు దూరే రంధ్రాలున్నది), ఎనిమిది రంగుల సన్నటి తీగ, హీట్ ష్రింక్ గొట్టాలు, ఒక ప్లాస్టిక్ పెట్టె. రిఫరెన్స్ (అన్ని ఛానెళ్ల వోల్టేజీనీ దేనితో పోల్చి కొలుస్తామో ఆ చోటు), గ్రౌండ్ (ఒంటినీ బోర్డునూ కలిపే తీగ) రెండూ టోపీ నుంచి కాకుండా చెవి తమ్మెలకు పెట్టే క్లిప్పుల నుంచి తీసుకుంటాను: ఎడమ చెవి రిఫరెన్స్, కుడి చెవి గ్రౌండ్.

సొరుగులో పాత చెవి క్లిప్పులు ఒక జత దొరికాయి. వాటి చివర బయటికి పొడుచుకొచ్చిన 2 మిల్లీమీటర్ల లోహపు పిన్ను ఉంది. వాటిని చూడగానే కత్తెర తీసుకుని ఆ పిన్నులు కత్తిరించేశాను. మనిషి ఒంటికి తగిలించిన తీగ చివర అలాంటి పిన్ను ఉంటే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని కరెంటు వైరు సాకెట్‌లో పెట్టే వీలుంటుంది. ఆస్పత్రుల్లో అలా జరిగి పిల్లల ప్రాణాలు పోయాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఇలాంటి లీడ్ల (ఒంటికి తగిలించే తీగల) మీద కచ్చితమైన ప్రమాణం తెచ్చింది. ఇప్పుడు అందరూ వాడే 1.5 మిల్లీమీటర్ల టచ్‌ప్రూఫ్ కనెక్టర్‌లో లోహం లోపలికి దాగి ఉంటుంది, వేలికి గానీ కరెంటు సాకెట్‌కు గానీ అందదు. నా పెట్టెకు రెండు టచ్‌ప్రూఫ్ సాకెట్లు బిగించాను.

పెట్టె మూత మీద లావు స్కెచ్ పెన్నుతో రాసిపెట్టాను: తల మీద టోపీ ఉన్నంతసేపూ బ్యాటరీలే. బోర్డుకు చార్జర్ ఉండకూడదు, పక్కన గోడ సాకెట్‌లో చార్జింగ్ పెట్టిన ల్యాప్‌టాప్ కూడా ఉండకూడదు. ఇంట్లో చేసుకున్న పెట్టెకు వైద్య పరికరాలకుండే విద్యుత్ ఐసొలేషన్ (ఒంటిని గోడ కరెంటు నుంచి వేరుచేసే రక్షణ) ఉండదు. ఈ నియమాన్ని ఎవరి కోసమూ సడలించను.

మూడో రోజు

పగలంతా సోల్డరింగ్. డీ కనెక్టర్ వెనక ప్రతి పిన్నుకూ సగానికి కోసిన గొట్టం లాంటి చిన్న కప్పు ఉంటుంది. ముందు కప్పులో కాస్త టంకం కరిగించి నింపాలి. తీగ కొసకు కూడా టంకం పూయాలి. తర్వాత కప్పును వేడి చేస్తూ తీగను లోపలికి దించాలి. టంకం మెరుస్తూ తీగ చుట్టూ ఎక్కగానే సోల్డరింగ్ ఐరన్ తీసేసి, చెయ్యి కదపకుండా మూడు సెకన్లు ఆగాలి. ఆ మూడు సెకన్లలో చెయ్యి వణికితే టంకం మొరటుగా, బూడిద రంగులో గడ్డకడుతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల మాత్రం పట్టు ఉండదు. అలాంటివి రెండు వచ్చాయి, తీసి మళ్లీ వేశాను. హీట్ ష్రింక్ గొట్టాన్ని తీగకు ముందే తొడగడం ఒక్కసారి మాత్రమే మరిచిపోయాను.

పిన్నుల దిశ గురించి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. కాగితంలోని బొమ్మ టోపీకి ఉన్న మేల్ కనెక్టర్‌ను ఎదురుగా చూసినప్పటిది, ఒకటో పిన్ను ఎడమ చివర ఉంది. నాది ఫిమేల్. అది ఎదురెదురుగా వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఎడమ కుడి అవుతుంది. అందుకని బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి నోట్‌బుక్‌లో గీసుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని తీగలు అతికించాను.

నాలుగో రోజు

తీగలన్నీ మల్టీమీటర్‌తో పరీక్షించాను. ప్రోబ్ మొన ఫిమేల్ కనెక్టర్ రంధ్రాల్లోకి దూరలేదు, అందుకని పెట్టె మూత తీసి వెనక కప్పుల మీదే పెట్టి చూశాను. ఎనిమిదికి ఎనిమిదీ బీప్ అన్నాయి. పక్కపక్క తీగల మధ్య ఎక్కడా షార్ట్ లేదు.

బోర్డును విడిగా పరీక్షించాను. చిప్ లోపలే ఒక పరీక్షా సంకేతం ఉంది, దాన్ని ఆన్ చేస్తే ఎనిమిది ఛానెళ్లలోనూ ఒకే చతురస్రాకారపు అల వచ్చింది. బయటి నుంచి కూడా ఒక సంకేతం ఇచ్చి చూశాను. జనరేటర్ నుంచి 10 హెర్ట్జ్, 1 వోల్టు తీసుకుని, 100 కిలోఓముల రెసిస్టర్, 10 ఓముల రెసిస్టర్ వరుసగా కలిపి, చిన్న దాని కొసల నుంచి పట్టుకుంటే దాదాపు పది వేలవ వంతు వస్తుంది, అంటే 100 మైక్రోవోల్టులు. తెర మీద ఆ అల వచ్చినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో! ఈ చిప్ గెయిన్ 24 దగ్గర (సంకేతాన్ని 24 రెట్లు పెంచినప్పుడు) ఒక మైక్రోవోల్టులో నలభయ్యో వంతు కంటే చిన్న మెట్టును కూడా లెక్కపెట్టగలదు. ఇక మిగిలింది తల.

ఐదో రోజు

తమ్ముడు తల ఇచ్చాడు. చుట్టుకొలత 57 సెంటీమీటర్లు, మధ్య సైజు టోపీ సరిపోయింది. ముక్కు దూలం మొదలు నుంచి తల వెనక గుబ్బ దాకా మాడు మీదుగా 36 సెంటీమీటర్లు. అందులో సగం, 18 దగ్గర సీజడ్ (సరిగ్గా నడినెత్తి మీది ఎలక్ట్రోడు) రావాలి. నుదుటి మధ్యన ఎఫ్‌పీజడ్ చోటు పదో వంతు దగ్గర, అంటే 3.6. టేపుతో కొలిచి పెన్సిల్ చుక్కలు పెట్టి, వాటికి తగ్గట్టు టోపీ సర్దాను.

మొన లేని సూదితో జుట్టు పక్కకు తప్పించి, చర్మం మీద మెల్లగా రుద్ది, కింది నుంచి పైకి జెల్ నింపాను. “అక్కా, చల్లగా ఉంది,” అన్నాడు తమ్ముడు. చల్లగా అనిపించిందంటే జెల్ చర్మాన్ని తాకినట్టే. ఆ మాట ఎనిమిది చోట్లా వాడి నోట విన్నాక సూది పక్కన పెట్టాను.

స్విచ్ వేశాను. ఎనిమిది గీతలూ తెర అంచుకు అతుక్కుపోయి, కదలకుండా నిలబడ్డాయి. ఒక్క ఛానెల్ అయితే తీగ తెగిందనుకోవచ్చు. ఎనిమిదీ ఒకేసారి, ఒకే వైపుకు పోయాయంటే తప్పు అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి. అది రిఫరెన్స్.

చెవి క్లిప్పు తీసి వెలుతురులో చూశాను. టచ్‌ప్రూఫ్ తీగలతో కొత్తగా తెప్పించిన క్లిప్పులవి. బిళ్ల మాసిన బూడిద రంగులో ఉంది: సిల్వర్, సిల్వర్ క్లోరైడ్. టోపీ ఎలక్ట్రోడులేమో తగరం. సంగతి అప్పుడు అర్థమైంది. ఉప్పున్న జెల్‌లో ఏ లోహాన్ని పెట్టినా దానికి తనదైన వోల్టేజీ ఒకటి పుడుతుంది. ప్రామాణిక పట్టికల ప్రకారం సిల్వర్ క్లోరైడ్‌కు అది 0.22 వోల్టులు, తగరానికి మైనస్ 0.14. తేడా సుమారు 360 మిల్లీవోల్టులు. చర్మం మీద సరిగ్గా అంతే రాకపోయినా స్థాయి అదే. గెయిన్ 24 దగ్గర నా చిప్ తట్టుకోగలిగేది రెండు వైపులా 187.5 మిల్లీవోల్టులే. మెదడు సంకేతం వచ్చేలోపే, రెండు లోహాల మధ్య తేడాయే యాంప్లిఫయర్‌ను అంచుకు నెట్టేసింది. మరో మాటలో చెప్పాలంటే, తల మీద చిన్న బ్యాటరీ ఒకటి తయారు చేసి దాని మీద మైక్రోవోల్టులు వెతుకుతున్నాను.

నిర్ధారణ కోసం గెయిన్ 8కి తగ్గించాను. పరిధి 562.5 మిల్లీవోల్టులకు పెరిగింది, గీతలు అంచు వదిలి మెల్లగా కిందికి జారుతూ కదలడం మొదలుపెట్టాయి. అంటే అనుమానం సరైనదే. కానీ గెయిన్ తగ్గించి సర్దుకోవడం నాకు ఇష్టం లేదు. లోహాలు వేరైతే జారుడు ఆగదు. తగరపు చెవి క్లిప్పులు తెచ్చుకోవాలి.

టోపీని వెంటనే గోరువెచ్చని నీటితో కడిగాను. జెల్ ఎండిపోతే బిళ్లల గాడుల్లో రాయిలా పట్టేస్తుంది. మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్క గుంతా శుభ్రం చేసి, కనెక్టర్‌కు తడి తగలకుండా దాన్ని పైకి పట్టుకుని ఆరేశాను.

ఆరో రోజు

తగరపు క్లిప్పులు వచ్చాయి. మళ్లీ జెల్, మళ్లీ చల్లదనం. గెయిన్ 24. గీతలు మధ్యలో నిలబడ్డాయి.

ఇంపెడెన్స్ చూశాను, అంటే ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య కరెంటుకు ఎదురయ్యే అడ్డు. మల్టీమీటర్ ఓముల స్కేలుతో ఈ పని చేయకూడదు, అది పంపే డీసీ కరెంటు ఎలక్ట్రోడు ఉపరితలాన్ని పాడు చేస్తుంది. చిప్ తానే 6 నానోఆంపియర్ల కరెంటును సుమారు 31 హెర్ట్జ్ దగ్గర ఇటూ అటూ మారుస్తూ పంపి కొలుస్తుంది. 10 కిలోఓములుంటే 60 మైక్రోవోల్టులు కనిపించాలి. ఎనిమిదీ 10 కిలోఓముల లోపే, ఐదు ఛానెళ్లయితే 5 లోపే వచ్చాయి. తమ్ముడి ఓపికకు, నా సూదికి తగిన ఫలితమే.

“కళ్లు ఆర్పు,” అన్నాను.

ఆర్పాడు. రెప్ప పడినప్పుడల్లా నుదుటి ఎలక్ట్రోడుల్లో 100 మైక్రోవోల్టులకు పైగా పెద్ద దిబ్బ లేవాలి. కంటిగుడ్డు ముందు భాగం ధనాత్మకం, వెనక భాగం రుణాత్మకం. రెప్ప దాని మీదుగా జారినప్పుడు ఆ వోల్టేజీ నుదుటికి చేరుతుంది. ఎంత నాసిరకం పరికరమైనా దాన్ని చూపించి తీరుతుంది. దిబ్బ లేచింది. కానీ ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2లో కాదు, ఓ1, ఓ2లో. తల వెనక.

“మళ్లీ ఆర్పు.” మళ్లీ అక్కడే. ఎఫ్‌పీ గీతలు ప్రశాంతంగా ఉన్నాయి.

తీగలు బీప్ అన్నాయి, ఇంపెడెన్స్ బాగుంది, పరీక్షా సంకేతం శుభ్రంగా వచ్చింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా తల ముందు భాగం వెనకకు పోయింది.

పెట్టె విప్పి భూతద్దంతో కనెక్టర్ వెనక చూశాను. తెల్లటి ప్లాస్టిక్ మీద ప్రతి కప్పు పక్కనా ఆవగింజంత అంకె అచ్చుపోసి ఉంటుంది. ఫ్లక్స్ మరకను పుల్లతో గీకితే నేను ఒకటి అనుకున్న కప్పు పక్కన 13 అని బయటపడింది.

మూడో రోజు నేను వేసిన లెక్కలో ఒక అద్దం తక్కువైంది. ఫిమేల్ కనెక్టర్ ఎదురుగా కూర్చుంటుంది కాబట్టి ఎడమ కుడి అవుతుంది, ఇది నిజమే. కానీ తీగ అతికించేది ఎదుటి నుంచి కాదు, వెనక నుంచి. వెనక నుంచి చూస్తే మళ్లీ తిరగబడుతుంది. రెండు తిరగబాట్లు కలిసి కాగితంలో ఉన్న బొమ్మే అవుతుంది. నేను దాన్ని తిప్పకుండా ఉండాల్సింది. ఒకటి 13కు పోయింది, రెండు 12కు, నాలుగు పదికి, ఆరు ఎనిమిదికి. నేను ఎంచుకున్న ఎనిమిది పిన్నులూ వరుస మధ్యకు రెండు పక్కలా సరిసమానంగా ఉండడంతో ప్రతి తీగకూ జెల్ ఉన్న ఎలక్ట్రోడే దొరికింది. అందుకే ఇంపెడెన్స్ ఏమీ పట్టివ్వలేదు. నాలుగో రోజు బీప్ పరీక్ష కూడా అదే తిప్పిన బొమ్మను చూసి, అవే కప్పుల మీద చేశాను. ఏ బొమ్మ నుంచి తప్పు పుట్టిందో ఆ బొమ్మతోనే తప్పును వెతికాను, ఇక అది ఎలా దొరుకుతుంది?

ఇప్పటికీ నన్ను కలవరపెడుతున్నది ముందు వెనకల తారుమారు కాదు. అది ఒక్క కనురెప్పతో బయటపడింది. సీ3, సీ4 కూడా తారుమారయ్యాయి. సీ3 ఎడమ అర్ధగోళంలో కుడి చేతిని కదిలించే భాగం మీద ఉంటుంది. నేను ఎఫ్‌పీ ఛానెళ్లు వదిలేసి సీ3, సీ4 మాత్రమే కలిపి ఉంటే గీతలు అందంగా వచ్చేవి, అంకెలు బాగుండేవి, కుడి చేయి ఎడమ చేయిగా నమోదయ్యేది. ఎవరికీ తెలిసేది కాదు.

ఏడో రోజు

ఎనిమిది తీగలూ విప్పి, టంకం పీల్చి, మళ్లీ అతికించాను. ఈసారి నోట్‌బుక్ బొమ్మ చూడలేదు. భూతద్దం కింద కప్పు పక్కన అచ్చుపోసిన అంకెను చదివి, అది పైకి పలికి, తీగ రంగు పలికి, అప్పుడే ఐరన్ ఆనించాను. పట్టికలో కొత్తగా ఒక గడి కలిపాను: “ఎటు నుంచి చూసినది.”

పరీక్ష కూడా మార్చాను. టోపీ పొడిగా ఉండగానే కనెక్టర్ పెట్టెకు బిగించి, ఒక ప్రోబ్ ఎఫ్‌పీ1 బిళ్ల మీదే పెట్టాను, రెండోది బోర్డు వైపు ఎఫ్‌పీ1 తీగ కొస మీద. మధ్యలో ఎన్ని కప్పులున్నా, ఎన్ని బొమ్మలున్నా సంబంధం లేదు. ఒక కొస గుడ్డలో, ఒక కొస చేతిలో. బీప్. అలా ఎనిమిది.

ఎనిమిదో రోజు

మళ్లీ తమ్ముడి తల. కనురెప్ప దిబ్బలు ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2లో. పళ్లు కొరకమన్నాను, చెవుల వెనకున్న పీ7, పీ8 గీతలు దట్టంగా నల్లబడ్డాయి.

50 హెర్ట్జ్ గోల మాత్రం బాగా ఉంది. కుడి చెవి గ్రౌండ్ కేవలం గ్రౌండ్ కాదు, బోర్డు అన్ని ఛానెళ్లలోనూ ఉమ్మడిగా ఉన్న వోల్టేజీని తలకిందులు చేసి ఆ తీగ ద్వారా ఒంటికి తిరిగి పంపి, దాన్ని అణచివేస్తుంది. ఆ క్లిప్పు సడలిందేమో అని చూశాను, నిజమే, జెల్ పక్కకు జారింది. సరిచేయగానే గోల మూడొంతులు తగ్గింది. మిగిలింది కేబుల్. టోపీ పట్టీ కుర్చీ వెనక వేలాడుతూ ఊగుతోంది. దాన్ని తమ్ముడి చొక్కా భుజానికి పిన్నుతో బిగించి, చెవి తీగలను దానితోపాటే పేని కట్టాను. గీతలు కుదుటపడ్డాయి.

ఓ1, ఓ2 కాసేపు అచ్చు ఒకే గీతలా కదిలాయి. రెండింటి మధ్య జుట్టులో జెల్ కారి వంతెన కట్టింది. దూదితో తుడిచాక విడివడ్డాయి.

“ఇప్పుడు కళ్లు మూసుకుని ఊరికే కూర్చో.”

రెండు సెకన్లకు ఓ1, ఓ2లో అల మొదలైంది. సెకనుకు పది, నింపాదిగా, ఒక్కోసారి ఉబ్బుతూ ఒక్కోసారి తగ్గుతూ. కళ్లు తెరవమన్నాను, ఆగిపోయింది. మూయమన్నాను, వచ్చింది. హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల నుంచి మొదటిసారి నమోదు చేసి, 1929లో లోకానికి చెప్పిన ఆల్ఫా అల ఇదే. నేను అతికించిన తీగలో, నా తమ్ముడి తల నుంచి, ఉండాల్సిన చోటే వచ్చింది. కాసేపు ఏమీ రాయకుండా చూస్తూ కూర్చున్నాను.

తర్వాత మిగిలిన పరీక్ష. సీ3, సీ4 ఏది ఏదో చేతి కదలికతో తేల్చాలంటే సన్నటి అల కోసం వెతకాలి, అది అందరిలో తేటగా కనిపించదు. అంతకంటే నమ్మకమైనది వేలు. టోపీ మీద ఒక్కో ఎలక్ట్రోడునూ గోటితో మెల్లగా తట్టితే ఆ ఒక్క గీతే ఎగరాలి. తమ్ముడికి అద్దం ఇచ్చి తట్టమంటే ఎడమ కుడి మళ్లీ తికమక అవుతుందని నేనే వెనక నిలబడి తట్టాను, తెర చూసి పేరు చదివే పని వాడిది.

తట్టాను. “సీ3.” మళ్లీ తట్టాను. “సీ4.” “పీ7.” “పీ8.” తట్టిన ఎలక్ట్రోడునూ వాడు చదివిన పేరునూ పట్టికలో సరిచూసి టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. “ఓ1. ఓ2. ఎఫ్‌పీ1. ఎఫ్‌పీ2. అయిపోయాయా అక్కా? జెల్ చెవిలోకి వస్తోంది.”

ఎనిమిదీ సరిపోయాయి. టోపీ కడిగి ఆరేశాను, క్లిప్పులు తుడిచి డబ్బాలో పెట్టాను. రెండో బోర్డు వచ్చాక మిగిలిన 11 ఎలక్ట్రోడులకు తీగలు కోయాలి, వాటిలో ఆరు కింది వరుసలో ఉన్నాయి. కింది వరుస 14 నుంచి 25 దాకా అంకెలను ఈ రాత్రే భూతద్దం కింద చదివి పట్టికలో రాసిపెట్టాను, కనెక్టర్ వెనక నుంచి చూసినవి.